ఎదురు దారిలో నాన్న కారు

ఆ వీడియో నేను మొదటిసారి చూసింది ఆఫీసులో. రాయపూర్ శంకర్ నగర్‌లో మాదొక చిన్న ఇన్సూరెన్స్ ఆఫీసు. ఆ సోమవారం టీ తాగే వేళకి నా పక్క సీటులో కూర్చునే ఆవిడ ఫోను పట్టుకుని, నవ్వాపుకోలేక కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. "ఈ ముసలాయన్ని చూడు, ఒక్కసారి చూడు" అని హిందీలో అంటూ ఫోను నా ముందు పెట్టింది.

ఊరి బయట, మందిర్ హసౌద్ వైపు వెళ్ళే దారిలో కొత్తగా కట్టిన పెద్ద ఫ్లైఓవరు. దాని మీదకి ఎక్కే ర్యాంపు. ఎక్కుతున్న లారీలకి ఎదురుగా ఒక తెల్ల కారు దిగుతూ వచ్చి, దారికి అడ్డంగా ఆగి ఉంది. కారు ముందు ఒక పెద్దాయన నిలబడి, ఇనుప చుట్టల లోడుతో ఉన్న లారీకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెడుతున్నాడు. లారీ డ్రైవరు కిటికీలోంచి సగం బయటికి వచ్చి తిడుతున్నాడు. చావాలని అంత సరదాగా ఉంటే ఇంకో లారీ చూసుకోమంటున్నాడు. వీడియో తీస్తున్నవాడు కిసుక్కున నవ్వుతున్నాడు. కింద హిందీలో 'తాతయ్య పార్కింగ్ కూడా చేసేశారు' అని రాసి, వెనక పెళ్ళి బ్యాండు మోత తగిలించారు.

పెద్దాయన వేసుకున్న గళ్ళ చొక్కా నేను కొన్నదే.

"మా నాన్న" అన్నాను.

ఆవిడ నవ్వు సగంలో ఆగిపోయింది. ఫోను తీసేసుకుంది. "అయ్యో, దెబ్బలేం తగల్లేదు కదా?" అంది. నాకు తెలీదు. ముందురోజు సాయంత్రం నేను అమ్మావాళ్ళింటికి వెళ్ళాను. నాన్న మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఎండకి అలసిపోయాడు అనుకున్నాం. నిమ్మకాయ నీళ్ళు ఇచ్చి వచ్చేశాను.

ఆ మధ్యాహ్నమంతా ఆఫీసులో అందరూ నాతో చాలా మర్యాదగా మాట్లాడారు. ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. ఫైలు అడగడానికి వచ్చినవాళ్ళు కూడా గొంతు తగ్గించి అడిగారు. వాళ్ళు పగలబడి నవ్వినా బాగుండేది అనిపించింది. నా చెవులు సాయంత్రం దాకా వేడిగానే ఉన్నాయి.

ఇంటికి వెళ్ళేలోపు అది మా తెలుగువాళ్ళ గ్రూపులోకి కూడా వచ్చేసింది. రాయపూర్‌లో మావాళ్ళు మరీ ఎక్కువమంది కాదు. రైల్వేవాళ్ళు, ఉర్లా ఫ్యాక్టరీలవాళ్ళు, ఆఫీసు ఉద్యోగాలవాళ్ళు, అందరికీ అందరూ తెలుసు. వినాయక చవితికి పందిట్లో కలుస్తాం, పెళ్ళిళ్ళలో కలుస్తాం. పెట్టినాయన అందులో ఉన్నది ఎవరో గుర్తుపట్టకుండానే పెట్టాడు. ఇంకెవరో గుర్తుపట్టి 'ఈయన మన డ్రైవరు గారు కదా' అని రాశారు. ఆ తర్వాత గ్రూపులో ఎవరూ మాట్లాడలేదు. వీడియో మాత్రం అక్కడే ఉంది.

మా నాన్న నిజంగానే డ్రైవరు. గూడ్సు రైళ్ళు నడిపి రిటైరయ్యాడు. శ్రీకాకుళం పక్క నుంచి కుర్రతనంలోనే ఇక్కడికి వచ్చి, బొగ్గూ ఇనుమూ మోసే బళ్ళమీద బతుకంతా గడిపాడు. ఎర్ర సిగ్నలు దాటడమంటే ఆ ఉద్యోగంలో అంతకంటే పరువు తక్కువ పని లేదు. దాటినవాళ్ళ పేర్లు మా క్వార్టర్లలో గుసగుసగా చెప్పుకునేవారు, ఎవరో తాగుబోతు గురించో, ఇల్లు వదిలి పోయినవాడి గురించో చెప్పుకున్నట్టు. నాన్న ఒక్కసారి కూడా దాటలేదు. రిటైరైన రోజున దండలు వేసినప్పుడు కూడా ఆయన చెప్పుకున్నది అదొక్కటే.

రిటైరయ్యాక సెకండ్ హ్యాండ్‌లో ఒక తెల్ల కారు కొన్నాడు. పట్టాలు లేని బండి నడపాలని ఎప్పటినుంచో ఉందనేవాడు. ప్రతి ఆదివారం మందిర్ హసౌద్ దగ్గర ఇల్లు కట్టుకున్న స్నేహితుడి దగ్గరికి వెళ్ళేవాడు. ఆ స్నేహితుడు నాన్న బళ్ళకి గార్డుగా పనిచేసినాయన, పలాస మనిషి. మేం గార్డు మావయ్య అంటాం. ఆయనకి పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది, మాట కూడా సగమే వస్తుంది. నాన్న వెళ్ళి గడ్డం గీసేవాడు, పేపరు చదివి వినిపించేవాడు, అమ్మ కట్టిచ్చిన పెసరట్లు తుంచి నోట్లో పెట్టేవాడు.

ఆ దారి ఒకప్పుడు నాక్కూడా తెలుసు. చౌక్ దగ్గర టీ కొట్లు, పంక్చరు కొట్టు, నేరుగా పోతే మందిర్ హసౌద్. అంతే. తర్వాత రింగు రోడ్డు, బైపాసు, హైవే అన్నీ అక్కడే కలిశాయి. ఏళ్ళ తరబడి తవ్వి, చివరికి పైన ఒక రోడ్డు, కింద రెండు, పక్కల్లో ఇంకో రెండు తేల్చారు. ఇప్పుడు నేరుగా పోవాలంటే ముందు ఎడమకి దిగాలి. దిగకుండా నేరుగా పోతే వంతెన ఎక్కి ఊరికి దూరంగా బైపాసులో పడతాం. మళ్ళీ వెనక్కి తిరగడానికి సందు ఎక్కడో చాలా దూరాన ఉంటుంది. ఎడమకి దిగమని చెప్పే బోర్డు ఉంది. కానీ దాని ముందు ఎప్పుడూ ఎవరో ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టి ఉంటుంది.

సోమవారం సాయంత్రం నేరుగా నాన్న దగ్గరికి వెళ్ళాను. అమ్మకి అప్పటికే తెలిసింది. ఎదురింటావిడ ఫోను పట్టుకొచ్చి మరీ చూపించిందట. అమ్మ వంటింట్లో నిలబడి చీర కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది.

"దణ్ణం పెట్టడమేటే, లారీవోడికి?" అంది నన్ను చూడగానే. "ఎవరి ముందూ తలొంచని మనిషి. ఆ దణ్ణం చూడలేకపోయాన్నేను."

నాన్న వరండాలో కుర్చీలో ఉన్నాడు. నేను ఎదురుగా నిలబడ్డాను. కూర్చోవాలని కూడా అనిపించలేదు.

"ఎందుకు నాన్నా అటు దిగావు? ఎదురుగా లారీలు వస్తున్నాయి, కనిపించలేదా?"

"కనపళ్ళేదమ్మా."

"అంత పెద్ద లారీ కనపళ్ళేదా?"

"దిగీవరకూ కనపళ్ళేదు."

"మరి కారు అడ్డంగా ఎందుకు పెట్టావు? పక్కకి తీయొచ్చు కదా! ఊరంతా అది చూసే నవ్వుతున్నారు."

నాన్న నా మొహం చూశాడు. ఏదో చెప్పబోయి ఆగాడు. తర్వాత నేల చూస్తూ, "ఎర్ర సిగ్నలు దాటీసేనమ్మా. అంతే. ఇంకేటి చెప్పమంటావు" అన్నాడు.

ఆయన గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. జాలి కలగాల్సిన చోట నాకు కోపం వచ్చింది. మా ఆయన ఉర్లాలో పనిచేసే చోట కూడా ఈ వీడియో తిరుగుతోందని, రేపు పిల్లల స్కూల్లో కూడా చూస్తారని, ఏవేవో అన్నాను. చివరికి "చాబీ ఇటివ్వు" అన్నాను. ఆయన వాదించలేదు. జేబులోంచి కారు తాళం తీసి నా వైపు చాచాడు. పిల్లల దగ్గర పదునైన వస్తువు లాక్కున్నట్టు లాక్కున్నాను. మా అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. 

ఆ తర్వాత ఆదివారాలు నాన్న ఇంట్లోనే ఉన్నాడు. తెలుగువాళ్ళ ఇంట్లో ఒక సీమంతం వస్తే నడుం నొప్పి అని రాలేదు. అమ్మా నేనూ వెళ్ళాం. అక్కడ ఒకాయన నన్ను పక్కకి పిలిచి, పెద్దవాళ్ళకి కళ్ళ పరీక్ష చేయించాలని, తన మేనమామకి కూడా ఇలాగే మతిమరుపు మొదలైందని మెల్లగా చెప్పాడు. నేను తలూపుతూ విన్నాను. మా నాన్నకి మతిమరుపు లేదు అనలేదు. ఆ మాట అనడానికి నాకే నమ్మకం లేదు.

గార్డు మావయ్య కోడలు ఫోను చేసింది. "అంకుల్ రావట్లేదేమని మామయ్య రోజూ అడుగుతున్నారు. మాట రాకపోయినా గుమ్మంకేసి చెయ్యి చూపిస్తారు" అంది. ఆ అమ్మాయి వీడియో చూసిందో లేదో మాటల్లో తెలియలేదు. సరే, నేనే తీసుకొస్తానన్నాను.

మరుసటి ఆదివారం పొద్దున్నే బయలుదేరాం. నాన్న కారే, నడిపేది నేను. నాన్న పక్క సీట్లో పెసరట్ల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.  నేను రాత్రే ఫోనులో మ్యాపు చూసి పెట్టుకున్నాను. ఈ పాటి దారి తెలుసుకోలేకపోయాడా అని లోపల అనుకుంటూనే నడుపుతున్నానని ఇప్పుడు రాయడానికి కూడా కష్టంగా ఉంది.

చౌక్ దగ్గరపడింది. ఫోను ఎడమకి తిరగమంది. ఎడమవైపు డ్రమ్ములు అడ్డంపెట్టి దారి మూసేశారు. రోడ్డు పని అన్న బోర్డు లేదు, మనిషి లేడు. వెనక నుంచి ఒక బస్సు హారను మీద హారను కొడుతోంది. ఆగి ఆలోచించే చోటు కాదది. ఏం చేయాలో తోచేలోపు కారు వంతెన ఎక్కేసింది. పైకి వెళ్ళాక ఫోను దారి మళ్ళీ వెతుక్కోవడం మొదలుపెట్టింది. వంతెన మీద కుడివైపు ఒక పాయ కిందికి దిగుతూ కనిపించింది. దాని చివర మందిర్ హసౌద్ రోడ్డు, నాకు బాగా తెలిసిన రోడ్డు, స్పష్టంగా కనపడుతోంది. నా ముందు పోతున్న మోటారు సైకిలు ఏమాత్రం అనుమానం లేకుండా అటు తిరిగింది. నేనూ ఇండికేటరు వేశాను.

"వద్దు!" అని అరిచాడు నాన్న. చెయ్యి చాచి స్టీరింగు పట్టేసుకున్నాడు. "అటొద్దు! అది ఎక్కీ దారి!"

కారు పక్కకి ఊగింది. బస్సు మా పక్కనుంచి రాసుకున్నట్టే పోయింది. ఆ పాయలోంచి ఒక లారీ, దాని వెనక ఇంకొకటి ఎక్కి వచ్చాయి. మోటారు సైకిలువాడు గోడకి అంటుకుపోయి, వాటి పక్కనుంచి ఎలాగో కిందికి జారిపోయాడు.  వంతెన దిగి, బైపాసులో చాలా దూరం పోయాక ఒక ధాబా ముందు కారు ఆపాను. 

"ఆ రోజు నువ్వు దిగింది అక్కడేనా?" అన్నాను.

"అక్కడే. ఆ రోజు కూడా డ్రమ్ములు పెట్టీసేరు."

"నేనూ దిగిపోయేదాన్ని నాన్నా."

"దిగుతావు. అందరూ దిగుతారు" అన్నాడు. డబ్బా మూత మీద వేలితో రాశాడు. తర్వాత, నేను అడక్కుండానే, "నా వెనకాల స్కూటరొకటి వచ్చింది" అన్నాడు.

"ఏ స్కూటరు?"

"మొగుడూ పెళ్ళామూ. ముందర చిన్న పిల్ల నిలబడి ఉంది. వంతెన మీద వాళ్ళూ దారి తెలీక నాకేసే చూస్తన్నారు. పెద్దాయన, కారులో ఉన్నాడు, ఈయనకి తెలుసుంటాదని అనుకునుంటారు. నేను దిగితే నా వెనకే దిగీసేరు. సగం దిగేసరికి లారీ వచ్చీసింది. నేనొక్కడినే అయితే గోడకి ఆనించీసేవోణ్ణి. వెనక అద్దంలో చూస్తే ఆ పిల్ల."

 ధాబావాడు టీ కావాలా అని వచ్చాడు. నేను చేత్తో వద్దన్నాను.

"అందుకని గాడీ అడ్డం పెట్టీసేను. లారీ ఆగకపోతే కారుకి తగలాలి గానీ వాళ్ళకి తగలకూడదని. దిగి ముందరికెళ్ళేను. లోడు బండి ఎక్కుతా ఉంటే మధ్యలో ఆపడమెంత కష్టమో నాకు తెలీదేటి? ఆపినోడికి దణ్ణం పెట్టనా?"

నేను ఫోను తీశాను. ఆ వీడియో ఇంకా అందులో ఉంది, తీసేయలేదు. నాన్న అంతవరకు దాన్ని చూడలేదు. అమ్మ చూడనివ్వలేదు, నేను చూపించలేదు. ఇద్దరం తలలు దగ్గరపెట్టి చూశాం. బ్యాండు మోత ఆపేశాను. కారు వెనక, డిక్కీ అంచుకి పక్కగా, ఏదో పసుపుపచ్చగా రెపరెపలాడుతోంది. అన్నిసార్లు చూశాను గానీ అది నా కంటపడలేదు.

"అదిగో, ఆమె చున్నీ" అన్నాడు నాన్న. "నేను లారీవోడితో మాట్లాడతా ఉంటే వాళ్ళు బండి తిప్పుకుని వంతెన మీదకి తోసుకెళ్ళిపోయేరు. మంచి పని చేసేరు."

"ఇదంతా ఆ రోజే ఎందుకు చెప్పలేదు? నేను అన్ని మాటలన్నాను కదా."

"ఏటి చెప్పమంటావు? నన్ను చూసే కదా వాళ్ళు దిగింది. నా వల్ల ఆ పిల్ల చక్రాల కిందికి పోవాల్సింది. అలాటప్పుడు నేను అడ్డం పెట్టేను, నేను కాపాడేను అని చెప్పుకుంటే ఏం బాగుంటాది? జనం నవ్వితే నవ్వేరు. దానికి కాదు నాకు సిగ్గు. రాత్రి కళ్ళు మూస్తే ఆ పిల్లే కనిపిస్తాది."

నాకు ఆయన మొహంలోకి చూడటం చేతకాలేదు. స్టీరింగు మీద తలపెట్టుకుని కూర్చున్నాను. ఆయన సిగ్గు ఎవరో పిల్ల గురించి. నా సిగ్గంతా గళ్ళ చొక్కా గురించి, దణ్ణం గురించి, ఆఫీసులో ఎవరు ఏమనుకుంటారన్న దాని గురించి. ఆ రెండూ ఒకటే మాటతో పిలవడం కూడా తప్పనిపించింది. కాసేపటికి ఆయనే నా వీపు మీద తట్టి, "పద, గార్డు చూస్తా ఉంటాడు" అన్నాడు.

వెనక్కి తిరిగే సందు దొరికేసరికి చాలా పొద్దెక్కింది. గార్డు మావయ్య వరండాలో చక్రాల కుర్చీలో ఉన్నాడు. నాన్నని చూడగానే మంచిగా ఉన్న చెయ్యి పైకెత్తి, ఇంటి గడియారంకేసి చూపించి, నోరు వంకరగా పెట్టి ఏదో అన్నాడు. లేటు అని నాకు అర్థమైంది.

"దారి తప్పీసేంరా" అన్నాడు నాన్న. "అంతకు ముందూ తప్పీసేను. గడ్డం చేస్తా అంతా చెప్తాను."

చెప్పాడు కూడా. నేను గుమ్మం లోపల కోడలితో కూర్చుని చూస్తూ వింటున్నాను. సబ్బు నురగ కలుపుతూ, బ్లేడు కడుగుతూ, ర్యాంపు సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. చెబుతున్నంతసేపూ గార్డు మావయ్య మొహం నిశ్చలంగా ఉంది. చివర్లో ఏదో ముద్దగా అడిగాడు. నాన్నకి వెంటనే అర్థమైనట్టుంది. "లేదు, ఎవరికీ ఏటీ కాలేదు" అన్నాడు. గార్డు మావయ్య కళ్ళు మూసుకుని గడ్డం ముందుకు పెట్టాడు.

ఆ రాత్రి ఇంటికొచ్చాక నేను తెలుగువాళ్ళ గ్రూపులో పెద్ద మెసేజి రాశాను. మా నాన్న మతిలేక చేసిన పని కాదని, వెనకున్న కుటుంబాన్ని కాపాడటానికే కారు అడ్డం పెట్టారని, నవ్వినవాళ్ళు ఆలోచించుకోవాలని. ఇద్దరు దణ్ణం బొమ్మలు పెట్టారు. ఒకరు 'గ్రేట్' అన్నారు. ఆ వెంటనే ఎవరో కార్తీక వనభోజనాలకి ఎవరెవరు వస్తున్నారో చెప్పమని అడిగారు. అందరూ అందులో పడ్డారు. నిజం చెప్పాలంటే వాళ్ళు ఆ వీడియోని అప్పటికే మరిచిపోయారు. దాన్ని మోస్తున్నది మేమే.

రెండు రోజులకి నాన్న ఫోను చేశాడు. గొంతులో కోపం ఉంది. "నన్ను హీరోని చేసీ రాసేవంట? అమ్మ చదివి చెప్పింది."

"ఉన్నదే రాశాను."

"సగం రాసేవు. వాళ్ళు నన్ను చూసి దిగేరని రాయలేదు. అది రాయి."

"అదెందుకు నాన్నా, మళ్ళీ..."

"రాయమ్మా. అక్కడ ఎడమకే దిగాలి, డ్రమ్ములుంటే వంతెనెక్కి దూరమైనా పోయి తిరిగి రావాలి, కుడివైపు పాయలోకి దిగొద్దు, ఎవరి వెనకాలా పోవద్దు అని రాయి. నేను దిగేను, తప్పు చేసేను అని పేరు పెట్టి రాయి. మనవాళ్ళు అటే కదా ఏర్‌పోర్టుకి పోతారు."

నాకు రాయాలని లేదు.  కానీ ఆయన ఫోనులో చెబుతుంటే ఇంకో ఫోనులో టైపు చేశాను. ఆయన మాట ఒక్కటి కూడా మార్చలేదు. పంపించాను. తర్వాత ఒకావిడ రాసింది, పోయిన నెల వాళ్ళాయన స్కూటరు వెనక కూర్చుని తనూ ఆ పాయలోకే దిగిందని, ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదని. ఆ తర్వాత ఇంకొకాయన. ఆ రోజు సీమంతంలో నాకు కళ్ళ పరీక్ష గురించి చెప్పినాయన కూడా. ఆయన రెండుసార్లు దిగాడట.

చాబీ నాన్నకి తిరిగి ఇచ్చేశాను. తీసుకుని మేకుకి తగిలించాడు. ఊళ్ళో కూరగాయలకీ, ఆస్పత్రికీ తనే నడుపుతాడు. మందిర్ హసౌద్‌కి మాత్రం ఆదివారం నేను వచ్చి నడపాల్సిందే. వంతెన దగ్గరపడగానే ఆయన సీటులో ముందుకి వంగి, రెండు చేతులూ డాష్‌బోర్డు మీద పెడతాడు. నేను ఎడమకి దిగి కింది రోడ్డులో పడేవరకూ నాతో మాట్లాడడు, నన్నూ మాట్లాడనివ్వడు.